వాన రోజునా ఆగని రహదారి: నగర రవాణాను, వరదను ఒకే పనిగా చేపట్టే పద్ధతి

నగర రవాణాను బాగుచేయాలని పూనుకున్నవారి ముందు సాధారణంగా నగరం మొత్తం పటం ఒకటి, ఇరవై ఏళ్ల ప్రణాళిక ఒకటి ఉంటాయి. రెండూ అవసరమైనవే గానీ, అక్కడి నుంచి మొదలైన పని చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ చెప్పబోయే పద్ధతిలో నాలుగైదు కిలోమీటర్ల పొడవుండి, బస్సులు తిరిగే, వాన పడితే ఎక్కడో ఒకచోట నీరు నిలిచే ప్రధాన రహదారిని ఒకదాన్ని ఎంచుకుంటారు. దాన్ని లెక్కలతో సహా అర్థం చేసుకుని, దాని మీద మార్పులు చేసి చూసి, ఆ తర్వాతే రెండో రహదారి జోలికి వెళతారు. పురపాలక ఇంజనీర్లకు, వార్డు కమిటీల సభ్యులకు, తమ వీధి గురించి అధికారులతో మాట్లాడదలచిన పౌరులకు ఇది ఉపయోగపడుతుంది.

రోడ్డంటే మనుషులు వెళ్లే దారి మాత్రమే కాదు. వాన నీరు పారేదీ దాని మీదే, తాగునీటి గొట్టాలూ కరెంటు తీగలూ పోయేదీ దాని కిందే, చెట్ల వేళ్లకు చోటు దొరకాల్సిందీ దాని పక్కనే. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క శాఖ చేతిలో ఉంటుంది కాబట్టి, బస్సుల కోసం గీసిన నమూనాలో నీటి ఊసు ఉండదు, వరద కాలువ కోసం గీసిన నమూనాలో నడిచే మనిషి కనిపించడు. ఈ రెంటినీ కలిపి ఆలోచించిన నగరాలే గట్టెక్కాయని చెప్పడానికి బ్రెజిల్‌లోని కురిటిబా మంచి ఉదాహరణ. వాస్తుశిల్పి జైమ్ లెర్నర్ 1971లో మేయరైన తర్వాత ఆ నగరం నదుల ఒడ్డున బరిగుయి వంటి ఉద్యానవనాలను చెరువులతో సహా ఏర్పాటు చేసి, వరద నీరు ఇళ్లలోకి పోకుండా అక్కడే నిలిచేలా చూసుకుంది. 1974 నుంచి బస్సులకు ప్రత్యేక మార్గాలు కేటాయించి, ఆ మార్గాల వెంబడే ఎత్తైన భవనాలకు అనుమతులిచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో అక్కడా కార్లు విపరీతంగా పెరిగాయి, అది వేరే సంగతి. నీటికి చోటు చూడటం, బస్సుకు దారి ఇవ్వడం, ఇళ్లు ఎక్కడ కట్టాలో చెప్పడం అనే మూడు పనులు ఒకే కార్యాలయం ఆలోచనలో ఉండటమే అక్కడ గమనించవలసిన విషయం.

మొదటి పని: వాహనాలను కాదు, మనుషులను లెక్కపెట్టడం

రహదారిలో రద్దీగా ఉండే ఒక చోటును ఎంచుకుని, ఇద్దరు ముగ్గురు మనుషులను కాగితం, పెన్నుతో కూర్చోబెట్టాలి. ఉదయం రెండు గంటలు, మధ్యాహ్నం ఒక గంట, రాత్రి తొమ్మిది దాటాక ఒక గంట లెక్కించాలి. ఉద్యోగులు కదిలే వేళల్లో మాత్రమే లెక్కపెడితే, పిల్లలను బడి నుంచి తెచ్చుకునేవారు, ఆసుపత్రికి వెళ్లే వృద్ధులు, రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే కార్మికులు లెక్కలోకే రారు. ప్రణాళిక కూడా వారిని మరచిపోతుంది. బస్సులో ఎందరున్నారో కచ్చితంగా తెలియనక్కర్లేదు, ఖాళీ, సగం, నిండు, కిక్కిరిసినది అని నాలుగు రకాలుగా గుర్తు పెట్టుకుంటే చాలు.

ఉదాహరణకు ఒక గంటలో 900 కార్లు, 30 బస్సులు వెళ్లాయనుకుందాం. కారుకు సగటున 1.3 మంది చొప్పున 1,170 మంది, బస్సుకు 45 మంది చొప్పున 1,350 మంది. కార్లు రోడ్డు వెడల్పంతా నింపి కనిపిస్తాయి, బస్సులు అక్కడక్కడా కనిపిస్తాయి, అయినా ఎక్కువమందిని మోస్తున్నది బస్సే. వీధుల రూపకల్పనలో వాడే అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం రోడ్డులో ఒక వరుసను (లేన్‌ను) ప్రధానంగా సొంత వాహనాలకు వదిలేస్తే గంటకు 600 నుంచి 1,600 మంది వెళ్లగలరు. అదే వరుసను తరచుగా వచ్చే బస్సులకు కేటాయిస్తే 4,000 నుంచి 8,000 మంది వెళ్లగలరు. ఈ అంకెలను పట్టికగా వేసి సమావేశంలో అందరి ముందూ పెట్టాలి. అంకెలు చూపకుండా బస్సుల వరుస గురించి మాట్లాడితే అది అభిప్రాయంగానే మిగిలిపోతుంది.

రెండో పని: చెడ్డ రోజు పటం గీయడం

రవాణా సర్వేలు దాదాపు ఎప్పుడూ ఎండ కాసే రోజునే జరుగుతాయి. గట్టి వాన కురిసిన రోజున గొడుగు, కొలకర్ర పట్టుకుని అదే రహదారి వెంట నడిచినవారికే అసలు సంగతి తెలుస్తుంది. నీరు ఎక్కడ నిలిచింది, ఎంత లోతున నిలిచింది, వాన ఆగాక ఎన్ని గంటలకు తీసింది అనే మూడు విషయాలను ఫోటోతో, సమయంతో రాసుకోవాలి. పారిశుద్ధ్య కార్మికులను, బస్సు డ్రైవర్లను తప్పకుండా అడగాలి. ఏ మ్యాన్‌హోల్ పొంగుతుందో, ఏ మలుపులో చక్రం మునుగుతుందో ఏ కంప్యూటర్ నమూనా కన్నా వారికే బాగా తెలుసు. వడగాలి రోజులకూ ఇలాంటి పటమే గీయాలి: ఏ బస్టాపులో నీడ లేదు, ఎంత దూరం చెట్టు లేకుండా నడవాలి అన్నవి అందులో ఉండాలి.

తర్వాత నీటి లెక్క. ఇది కష్టమేమీ కాదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. 20 మీటర్ల వెడల్పు, 500 మీటర్ల పొడవున్న రోడ్డు విస్తీర్ణం 10,000 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 లక్షల లీటర్లు. తారు, సిమెంటు మీద దాదాపు పదింట తొమ్మిది వంతులు ఇంకకుండా పారతాయి కాబట్టి 4.5 లక్షల లీటర్లు, అంటే సెకనుకు 125 లీటర్లు, ఆ గంటసేపు కాలువలోకి వస్తూనే ఉంటాయి. ఇది రోడ్డు మీద పడిన నీరు మాత్రమే. పక్క భవనాల పైకప్పుల నుంచి, ఎగువ వీధుల నుంచి వచ్చేది దీనికి అదనం. కాలువ అంత నీటిని తీసుకోగలదా అని ఇంజనీరును అడగడానికి ఇప్పుడు మీ దగ్గర ఒక అంకె ఉంది.

కాలువను వెడల్పు చేయడం ఒక్కటే మార్గం అనుకోనవసరం లేదు. రోడ్డుకు రెండు వైపులా ఒకటిన్నర మీటరు వెడల్పున, రోడ్డు మట్టానికి కాస్త కిందుగా ఉండే మట్టి పట్టీలు వేసి, వాటిలో చెట్లు, గడ్డి పెంచితే మొత్తం 1,500 చదరపు మీటర్లు వస్తుంది. బస్టాపులు, గేట్లు, దారులకు మూడో వంతు తీసేస్తే 1,000 చదరపు మీటర్లు మిగులుతాయి. అందులో 15 సెంటీమీటర్ల లోతు నీరు నిలిచినా 1.5 లక్షల లీటర్లు, అంటే ఆ గంటలో రోడ్డు మీద పారే నీటిలో మూడో వంతు, కాలువ మీదికి వెంటనే పోకుండా ఆగుతుంది. ఆ పట్టీలోని చెట్టే కాలిబాట మీద నడిచేవారికి నీడ ఇస్తుంది. ఒక్క ఖర్చుతో రెండు పనులు జరిగే ఇలాంటి చోట్లను ముందుగా వెతకాలి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: పట్టీ అంచున కట్టే గట్టుకు రెండు మూడు మీటర్లకు ఒక గండి ఉండాలి. గండి లేని గట్టు కట్టి, లోపల మొక్కలు ఎండిపోతుంటే బయట రోడ్డు మీద నీరు నిలవడం చాలాచోట్ల కనిపించే దృశ్యమే.

ఈ ఆలోచనను నగరమంతటా అమలు చేయడానికి పూనుకున్నది డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్. 2011 జూలై 2న కొద్ది గంటల్లోనే 100 మిల్లీమీటర్లకు పైగా కురిసిన వాన ఆ నగరాన్ని ముంచెత్తింది. మరుసటి ఏడాదే ఆమోదించిన కుండపోత ప్రణాళికలో, నూరేళ్లకు ఒకసారి వచ్చేంతటి వానలోనూ వీధుల్లో నీరు 10 సెంటీమీటర్లు దాటకూడదని లక్ష్యం పెట్టుకున్నారు. అన్ని గొట్టాలనూ పెద్దవి చేయడం అసాధ్యమని లెక్క తేలడంతో, కొన్ని వీధులను నీరు పారే దారులుగా, కొన్ని ఉద్యానవనాలను తాత్కాలిక చెరువులుగా మలచడం మొదలుపెట్టారు. నీటిని పూర్తిగా ఆపలేమని ఒప్పుకుని, అది ఎటు పోవాలో మనమే ముందుగా నిర్ణయించడం ఇందులోని కీలకం.

మూడో పని: తెగితే మొత్తం ఆగిపోయే చోట్లను గుర్తించడం

రహదారి పటం మీద బస్సు డిపో, విద్యుత్ ఉపకేంద్రం, కంట్రోల్ రూమ్, వంతెన, అండర్‌పాస్, ఆసుపత్రి గుర్తించి, ఒక్కొక్కదాని గురించీ ఇది ఒక రోజు పనిచేయకపోతే ఏమవుతుందని అడగాలి. డిపోలు చౌకగా దొరికే పల్లపు భూముల్లో ఉండటం సర్వసాధారణం. అక్కడ నీరు చేరితే రహదారి పొడిగా ఉన్నా బస్సు బయటికి రాదు.

భూగర్భ మార్గాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లో ఈస్ట్ నది కింది సొరంగాల్లోకి సముద్రపు నీరు చేరింది. ఉప్పు తిన్న సిగ్నల్ పరికరాలను మార్చే పని ఏళ్ల తరబడి సాగింది. 2021 జూలై 20న చైనాలోని ఝెంగ్‌ఝౌలో ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడి, సబ్‌వే 5వ మార్గంలోకి నీరు చొరబడటంతో 14 మంది చనిపోయారు. ఇటువంటి చోట మెట్ల ద్వారాన్ని వీధి మట్టం కన్నా కొంత ఎత్తులో కట్టడం, గాలి వచ్చే రంధ్రాలను పైకి లేపడం, ద్వారానికి అడ్డంగా వెంటనే బిగించగల పలకలను సిద్ధంగా ఉంచడం వంటివి పెద్ద ఖర్చు లేని పనులే. అంతకన్నా ముఖ్యమైనది, సేవను ఎప్పుడు ఆపాలో ముందే రాసి పెట్టుకోవడం. నీరు ఫలానా గీత తాకితే స్టేషన్ అధికారి ఎవరి అనుమతీ లేకుండా రైలు ఆపవచ్చు అని రాతపూర్వకంగా ఉండాలి. ఆ క్షణంలో ఫోన్లు చేస్తూ కూర్చునే వ్యవధి ఉండదు.

అండర్‌పాస్‌లకూ ఇదే నియమం. సుమారు 30 సెంటీమీటర్ల లోతున పారే నీరు చాలా కార్లను కదిలించగలదు; కాబట్టి గోడ మీద ఆ ఎత్తుకు బాగా కిందనే ఒక ఎర్ర గీత గీసి, నీరు అక్కడికి చేరగానే గేటు పడాలి. గేటు పడితే బస్సులు ఏ వీధి గుండా తిరిగి వెళ్లాలో, ఆ వీధి మలుపులో పెద్ద బస్సు తిరుగుతుందో లేదో ఎండ రోజునే నడిపి చూడాలి.

నాలుగో పని: బస్సును నమ్మదగినదిగా చేయడం

కొత్త బస్సులు కొనమని అడగడం తేలిక. అంతకన్నా ముందు ఉన్న బస్సులు ఎక్కడ ఇరుక్కుంటున్నాయో చూడాలి. ఒక మార్గంలో బస్సు వెళ్లి, తిరిగి వచ్చి, కాస్త ఆగి మళ్లీ బయలుదేరడానికి 80 నిమిషాలు పడుతుందనుకుందాం. ఎనిమిది బస్సులుంటే పది నిమిషాలకు ఒకటి వస్తుంది. ప్రత్యేక వరుస వేసి, రెండు మూడు కూడళ్లలో సిగ్నల్‌ను బస్సుకు అనుకూలంగా మార్చి, ఆ 80 నిమిషాలను 64కు తగ్గించగలిగితే, అవే ఎనిమిది బస్సులతో ఎనిమిది నిమిషాలకు ఒకటి నడపవచ్చు. అదనపు బస్సు లేదు, అదనపు డ్రైవరు లేడు, అయినా సేవ నాలుగో వంతు పెరిగింది. ఆర్థిక శాఖ వారికి నచ్చజెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క నాకు తెలియదు.

సగటు విరామం ఒక్కటే చూస్తే మోసపోతాం. పది నిమిషాలకు ఒకటి చొప్పున క్రమంగా వచ్చే బస్సు కోసం ప్రయాణికుడు సగటున ఐదు నిమిషాలు ఆగుతాడు. అవే బస్సులు రెండేసి కలిసి ఇరవై నిమిషాలకు ఒకసారి వస్తే పది నిమిషాలు ఆగాలి. కాగితం మీద మాత్రం గంటకు ఆరు బస్సులే. ఇది డ్రైవర్ల నిర్లక్ష్యం వల్ల జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందు బస్సు కాస్త ఆలస్యమైతే దాని కోసం స్టాపులో ఎక్కువమంది పోగవుతారు, వారు ఎక్కేసరికి మరింత ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు ఎక్కేవాళ్లు తగ్గి అది త్వరగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. అన్ని తలుపుల నుంచీ ఎక్కనివ్వడం, టికెట్ ముందే తీసుకునే ఏర్పాటు చేయడం, బస్సు గడపకూ స్టాపు అరుగుకూ ఒకే ఎత్తు ఉంచడం, మధ్యలో ఒకటి రెండు చోట్ల ముందుగా వచ్చిన బస్సును కొద్దిగా ఆపి విరామం సరిచేయడం దీనికి మందు. కురిటిబాలో 1991 నుంచి కనిపించే గొట్టం ఆకారపు స్టాపులు వీటిలో మొదటి మూడింటినీ ఒకేసారి సాధించడానికి పుట్టినవే.

బస్సు వరకూ నడిచి రావడం కూడా ప్రయాణంలో భాగమే. కాలిబాట మీద స్తంభాలు, పెట్టెలు, మెట్లు తీసేశాక కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా మిగలాలి, అప్పుడే ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలు దాటగలవు. కాలిబాట నుంచి రోడ్డు మీదికి దిగే వాలు పన్నెండు మీటర్ల పొడవుకు ఒక మీటరు ఎత్తు కన్నా నిటారుగా ఉండకూడదు. రోడ్డు దాటే చోటును కాలిబాట ఎత్తుకు లేపితే వాహనాల వేగం తగ్గుతుంది, నడిచేవారి కాళ్లు తడవవు. అయితే లేపిన ఆ దిమ్మె కింద గొట్టం వేయకపోతే అదే ఆనకట్టగా మారి పైవైపు వీధిని ముంచుతుంది. వేగం విషయానికి వస్తే, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనానికి 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లేదానికన్నా దాదాపు 2.8 రెట్లు ఎక్కువ గతిశక్తి ఉంటుంది. రోడ్డు మరణాలే ఉండకూడదన్న విధానాన్ని స్వీడన్ పార్లమెంటు 1997లో ఆమోదించింది. చాలా వీధుల్లో వేగాన్ని 30 కిలోమీటర్లకు పరిమితం చేసిన హెల్సింకిలో 2019లో పాదచారి ఒక్కరూ వాహనం కింద పడి చనిపోలేదు.

ఐదో పని: చోటు ఎక్కడి నుంచి తెస్తారో చెప్పడం

బస్సుల వరుస, చెట్ల పట్టీ, సైకిల్ బాట అన్నీ వినడానికి బాగుంటాయి. వాటికి చోటు ఎక్కడిదన్న ప్రశ్న దగ్గర సమావేశం వేడెక్కుతుంది. రోడ్డును వెడల్పు చేయడం తొలి సమాధానంగా వస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో కేటీ ఫ్రీవే అనే రహదారిని 2008 నాటికి, పక్కదారులతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసల దాకా విస్తరించారు. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది, ఎందుకంటే ఖాళీ రోడ్డు కొత్త ప్రయాణాలను, దూరపు ఇళ్లను పుట్టిస్తుంది. కాబట్టి చోటు సాధారణంగా రోడ్డు పక్క పార్కింగ్ నుంచి, లేదా అవసరానికి మించి వెడల్పైన వరుసల నుంచి రావాలి. ఈ మాట మొదటి సమావేశంలోనే సూటిగా చెప్పడం మంచిది. తర్వాత తెలిస్తే నమ్మకం పోతుంది.

కార్ల రాకపై రుసుము పెట్టాలనుకునే నగరాలు స్టాక్‌హోమ్ పాటించిన క్రమాన్ని గమనించాలి. అక్కడ 2005 ఆగస్టులో ముందుగా అదనపు బస్సులు వేశారు, 2006 జనవరిలో రుసుము ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి ఏడు నెలలకు ఆపేశారు, ఓటింగు జరిపారు, 2007 ఆగస్టులో శాశ్వతం చేశారు. ఆ రుసుము గీతను దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. మొదట ఎక్కువమంది వ్యతిరేకించారు, మార్పును కళ్లారా చూశాక మద్దతు పెరిగింది. బస్సులు లేకుండా ముందే రుసుము వేసి ఉంటే కథ వేరేగా ఉండేది.

ప్రయోగానికి సిమెంటు అక్కర్లేదు. రంగు, ప్లాస్టిక్ దిమ్మెలు, కుండీలు చాలు. న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ దగ్గర 2009 మేలో బ్రాడ్‌వే అనే వీధిని అలాగే వాహనాలకు మూసి చూసి, ఫలితాలు కొలిచాకే శాశ్వతం చేశారు. ప్రయోగం కనీసం ఆరు నెలలు, అందులో ఒక వాన కాలం కలిసేలా సాగాలి. ముందు తీసుకున్న లెక్కలు లేకపోతే తర్వాతి లెక్కలకు అర్థం ఉండదు కాబట్టి మొదటి పనిని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు.

కొన్నిసార్లు రోడ్డును తీసేయడమే సరైన పని కావచ్చు. దక్షిణ కొరియా రాజధాని సియోల్ 2003లో చియాంగ్‌గ్యేచియాన్ అనే వాగు మీది ఫ్లైఓవర్ కూల్చడం మొదలుపెట్టి, దాని అడుగున కప్పబడి ఉన్న ఆ వాగును దాదాపు 5.8 కిలోమీటర్ల మేర తెరిచి 2005లో ప్రజలకు అప్పగించింది. ఈ మధ్యలోనే, 2004 జూలైలో, నగరపు బస్సు మార్గాలన్నీ మార్చి, రోడ్డు మధ్యన బస్సుల వరుసలు వేసింది. వాగును తెరవడం గురించి అందరూ చెప్పుకుంటారు గానీ, బస్సుల మార్పును దాదాపు ఎవరూ ప్రస్తావించరు. అది లేకపోతే ఫ్లైఓవర్ మీది జనం ఎటు పోయేవారు?

విద్యుత్ బస్సుల గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. చైనాలోని షెంజెన్ 2017 చివరికి తన 16,000కు పైగా బస్సులన్నిటినీ విద్యుత్తుకు మార్చింది కాబట్టి అది సాధ్యమేనని తేలిపోయింది. పొగ, చప్పుడు తగ్గుతాయి. ఇరుకు తగ్గదు; విద్యుత్ కారు కూడా మామూలు కారంత చోటే తీసుకుంటుంది. డిపోలో చార్జింగ్ పరికరాలను వరద మట్టానికి పైన అమర్చాలి, రెండు వేర్వేరు ఉపకేంద్రాల నుంచి కరెంటు వచ్చేలా చూడాలి, కరెంటు పోయిన రోజున ఏ మార్గాలు ముందు నడపాలో జాబితా ఉండాలి.

ఆఖరి పని: నిర్వహణకు పేరు, తేదీ, డబ్బు

కొత్త పట్టీలు, కాలువలు, గేట్లు మొదటి ఏడాది బాగా పనిచేస్తాయి. రెండో ఏడాది ఆకులు, ప్లాస్టిక్, ఒండ్రు చేరతాయి. నిర్మాణ వ్యయంతో పాటే కనీసం ఐదేళ్ల నిర్వహణ ఖర్చును అదే దస్త్రంలో ఆమోదింపజేసుకోవాలి, ఎందుకంటే తర్వాత విడిగా అడిగితే అది ఎప్పుడూ చివరి వరుసలోకి పోతుంది. ప్రతి గండినీ, ప్రతి జాలీనీ వాన కాలానికి ముందు ఎవరు శుభ్రం చేస్తారో, ఏ తేదీలోగా చేస్తారో హోదాతో సహా రాయాలి. పంపును నెలకొకసారి నిజంగా నీటితోనే నడిపి చూడాలి. అండర్‌పాస్ గేటును ఏడాదికి రెండుసార్లు దించి ఎత్తాలి, ఆ రోజున బస్సులను మళ్లింపు దారిలో నడపాలి.

తొలి సర్వేలో నీరు నిలిచిన చోట దీపస్తంభం మీద ఆ నాటి నీటి మట్టాన్ని రంగుతో గీసి, పక్కన తేదీ వేసి ఉంచాలి. పని పూర్తయ్యాక వచ్చే మొదటి గట్టి వానలో మళ్లీ అక్కడికే వెళ్లి, అదే స్తంభం మీద రెండో గీత గీయాలి. రెండో గీత మొదటి దానికి పైన పడితే లోపం ఎక్కడుందో కనిపెట్టేదాకా రెండో రహదారికి వెళ్లకూడదు.